తల్లికి ముట్టింది

కొండ మీద కందిచేను ఎండుతోంది.

గాలి వచ్చినప్పుడల్లా కాయలు గలగలమంటాయి. గింజ గట్టిపడ్డాక వచ్చే చప్పుడది. గాలి పోతే ఆగుతుంది. వస్తే మళ్లీ — గలగల... గలగల... ఒక చెట్టు మొదలుపెడితే ఏటవాలు పోడంతా అందుకుంటుంది.

ఆ చప్పుడు వింటే ఇప్పలగూడలో అందరికీ నోట్లో నీళ్లూరతాయి.

అయినా ఎవరూ ఒక్క కాయ ఒలవరు.

కొత్త కాలేదు.

కొత్త అంటే పండగ. పుష్యమాసంలో ఒకనాడు ఊరి జన్ని కొండ పైకెక్కి, కొండతల్లి జాకరమ్మ రాయి ముందు తొలి కందులు పోసి, కోడిని కోసి, పాట పాడతాడు. తల్లి తిన్నాకే మనుషులు తినాలి. కందులకు అలాగే. మామిడికాయకు అలాగే. సామలకూ, చిక్కుళ్లకూ అలాగే. కొండ మీద పండేదేదీ ముందుగా మనిషిది కాదు.

ఇప్పలగూడ జాతాపు గిరిజనుల ఊరు. జన్ని అంటే వాళ్ల పూజారి. జన్ని దాలయ్య.

దాలయ్యకు మెడలో జంధ్యం లేదు. ఇంట్లో గంట లేదు. అందరితో పాటు పోడు కొడతాడు, అందరితో పాటు రాగుల చోడంబలి తాగుతాడు. కొత్త నాడు మాత్రం ఊరంతా ఆయన చేతివంక చూస్తుంది. ఆ చెయ్యి రాయి ముందు వాలితేనే పొయ్యి మీద కుండ ఎక్కుతుంది.

గురమ్మ ఆయన కూతురు. పదిహేనేళ్ల పిల్ల.

తమ్ముడు ఎర్రన్నను కని తల్లి పోయింది. ఆనాటినుంచి తమ్ముడు గురమ్మ చంకలో పెరిగాడు. కొత్త నాడు తండ్రి వెనక చేట పట్టుకుని నడిచేది గురమ్మే. ఆడమనిషి రాయి దగ్గరకు పోకూడదు. చేను గట్టు దగ్గరే ఆగాలి. ఆగి, అక్కణ్ణుంచే వింటుంది.

ముందు నీ నోట పడాల తల్లీ...
ఎనకాల మా నోట పడాల...

పాటంతా ఆమెకు నోటికి వచ్చు. ఎవరూ నేర్పలేదు. విని విని వచ్చింది.

చిన్నప్పుడు ఒకసారి అడిగింది — తల్లి తిన్నట్టు నీకెలా తెలుస్తుందని.

"గాలి ఆగుతాది," అన్నాడు దాలయ్య. "కాయ కదలదు. ఆకు కదలదు. అప్పుడు తింటన్నాదన్నమాట."

ఆ ఏడు గట్టు దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టింది గురమ్మ. గాలి ఆగింది. నిజంగా ఆగింది. చేనంతా నోరు మూసుకుంది. తండ్రి గట్టు దిగి రాగానే కాళ్లకు చుట్టుకుంది.

అప్పటినుంచి గాలి ఆగినప్పుడల్లా ఆమె తల వంచేది. నీళ్లు తెస్తున్నా, కట్టెలు మోస్తున్నా. తల్లి ఎక్కడో తింటోందని.

* * *

అరవై ఎనిమిదో సంవత్సరం చలికాలం. కొండల్లో అలజడి.

భూమి కోసం పోరాడే సంఘం వాళ్లు అప్పుడప్పుడు ఊరికి వచ్చేవారు. అరుగుల మీద కూర్చునేవారు. భూమి గురించి మాట్లాడేవారు, పాటలు పాడేవారు, అంబలి తాగి అడవిలోకి వెళ్లిపోయేవారు. వచ్చినవాడికి అంబలి పోయకుండా ఉండడం ఇప్పలగూడకు తెలియదు.

అంబలి పోసిన ఊరని పోలీసులకు తెలిసింది.

ఒక ఉదయం మంచు ఇంకా కొండ దిగకముందే వచ్చారు. కుక్కలు అరిచాయి. తరవాత అరవలేదు. చేతికందినవి పట్టుకుని దిగిపొమ్మన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

గురమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుంది. తండ్రి చూరుకు ఉన్న చేట తీసుకోబోయాడు. కొత్త నాడు కందులు పోసే చేట అది. ఒక చెయ్యి దాన్ని లాగి అవతల పడేసింది.

తరవాత నిప్పు.

ఎండు గడ్డి ఇళ్లు. నిప్పుకు పెద్ద పనేమీ పెట్టలేదు. లోపల చోడి గింజల కుండలు వేడికి ఒక్కొక్కటే పగిలాయి. కుండ పగిలినప్పుడల్లా జగ్గమ్మ ముసలమ్మ, ఊరందరిలోకీ పెద్దావిడ, ఒక పేరు చెప్పింది. సోములింటిది. గంగులింటిది. దాలయ్యింటిది... చప్పుడును బట్టి ఎవరి కుండో ఆవిడకు తెలుస్తోంది.

దాలయ్య వెనక్కి తిరిగి ఇళ్లవైపు చూడలేదు. పైకి చూశాడు. పొగ చేరని చోట, ఏటవాలు మీద, కందిచేను పచ్చగా ఎర్రగా నిలబడి ఉంది.

"సేను కాలనేదు," అన్నాడు. "తల్లి సూసుకుంటన్నాది."

గురమ్మ నమ్మింది. ఇల్లు మండుతుండగా నమ్మింది.

* * *

కొండ కింద రోడ్డు. రోడ్డు పక్కన కోత అయిపోయిన వరిమళ్లు. ఆ మళ్లలో తాటాకు పాకలు, చుట్టూ వెదురు దడి, దడికి ముళ్లకంప. అదే క్యాంపు.

ఇప్పలగూడ ఒక్కటే కాదు. చుట్టుపక్కల గూడేలన్నీ అందులోనే. పొద్దున పేర్లు పిలుస్తారు. సాయంత్రం పేర్లు పిలుస్తారు. పలకాలి. దడి బయట కట్టెలకు పోవచ్చు, కానీ గెడ్డ, ఆ కొండవాగు, దాటకూడదు. గెడ్డ అవతల కొండ. గెడ్డ దాటినవాడు పోలీసుల లెక్కలో సంఘం మనిషే.

కొండ కనిపిస్తూనే ఉంటుంది.

అదే కష్టం. కనిపించకపోతే మరిచిపోవచ్చు. పొద్దున మంచులోంచి అది మెల్లగా బయటికొస్తుంది. సాయంత్రం నీలంగా మారుతుంది. గాలి అటునుంచి వీస్తే చేను చప్పుడు వినిపించినట్టే ఉంటుంది. అంత దూరం వినబడదు. అయినా వినేవారు.

తాటాకు సందుల్లోంచి చలి. కింద చెమ్మ నేల. మొదట దగ్గులు. తరవాత నీళ్ల విరేచనాలు. నూకల జావ పోసేవారు. పూటకొక గిన్నె. ఆ గిన్నె తరవాత సగమైంది. సగం తరవాత, లారీ రాలేదన్నారు.

పిల్లలు ఏడవడం మానేశారు.

ఎర్రన్న కూడా. ఆరేళ్ల పిల్లవాడు అక్క ఒళ్లో తలపెట్టి, కళ్లు తెరిచి, ఊరికే పడుకునేవాడు. వాడి కాళ్లు గురమ్మ చేతుల్లో పుల్లల్లా ఉండేవి. రుద్దితే వెచ్చబడేవి. వదిలితే చల్లబడేవి.

అప్పుడు రాజాం నుంచి లారీ వచ్చింది. నూకలు కాదు. కందుల బస్తాలు.

బస్తా విప్పారు. దాలయ్య ఒక గింజ తీసి పంటికింద పెట్టకుండా, వేళ్ల మధ్య నలిపి చూశాడు. గింజ మెరుస్తోంది. పాత వాసన లేదు.

ఈ ఏటి కందులు.

కొత్త కాలేదు.

ఎవరూ ముట్టుకోలేదు. బస్తాలు పాక మధ్యలో ఉన్నాయి. చుట్టూ ఆకలి కూర్చుని ఉంది. మధ్యలో బస్తాలు ఉన్నాయి.

ఆ రెండోనాడు ఒక తల్లి ఆగలేకపోయింది. వేరే గూడెం పిల్ల, పేరు తాయారు, చంటిబిడ్డ తల్లి. దొంగచాటుగా గుప్పెడు కందులు ఉడకబెట్టి ఆ కట్టు బిడ్డ నోట్లో పోసింది. మర్నాడు పొద్దున బిడ్డ లేదు. ఆ బిడ్డ అప్పటికే ఎన్నాళ్లుగానో నీళ్లలా పోతోంది. ఆ మాట ఎవరూ అనలేదు. అందరూ ఒకే మాట అన్నారు. జాకరమ్మ తల్లి కంటే ముందు తిన్నాడు.

తాయారు ఏడవలేదు. తన చెయ్యి చూసుకుంటూ కూర్చుంది.

ఇక బస్తాల దగ్గరకు పిల్లల్ని కూడా పోనివ్వలేదు.

అందరూ దాలయ్యవంక చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. చూశారు. అంతే.

* * *

దాలయ్య క్యాంపు ఆఫీసరు దగ్గరకు వెళ్లాడు. గురమ్మ వెనక నిలబడింది.

ఆయన చెడ్డవాడు కాడు. కుర్చీలోంచి లేవకుండానే అంతా విన్నాడు. కొండ మీదకు ఒక్క పూట పోనిస్తే చాలని, తొలి కందులు పెట్టి వచ్చేస్తానని, వెనక జవాన్ను పంపినా ఫరవాలేదని దాలయ్య చెప్పాడు. ఆఫీసరు నిట్టూర్చాడు.

"దేవుడు అన్నిచోట్లా ఉంటాడయ్యా. ఇక్కడే దణ్ణం పెట్టుకుని తినండి."

దాలయ్య చేతులు కట్టుకున్నాడు.

"మా తల్లి అన్ని సోట్లా నేదు బాబూ," అన్నాడు. "అక్కడే ఉన్నాది."

ఆఫీసరు బల్లవైపు తిరిగాడు. కాగితాలు చూసుకున్నాడు.

తిరిగొచ్చి దాలయ్య ఎర్రన్న పక్కన కూర్చున్నాడు. వాడి డొక్క మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కిందికి పోయింది, పైకి వచ్చింది. ఎంతసేపు అలా కూర్చున్నాడో. లేచేటప్పటికి ఆయన ముఖంలో భయం లేదు. అది చూసి గురమ్మకు భయం వేసింది.

"కోడి నేదు," అన్నాడు. "గుడ్డన్నా ఉండాల."

ఆ మళ్లు కమతం చేసుకునే రైతు ఇల్లాలు లక్ష్మీనరసమ్మ. దడి అవతల గేదెల్ని మేపుకోవడానికి వచ్చేది. పిల్లల కోసమని ఒక్కొక్కసారి మజ్జిగ తెచ్చి, కాపలావాడు అటు తిరిగినప్పుడు కంపసందులోంచి అందించేది. గురమ్మ ఆవిణ్ణి గుడ్డు అడిగింది. ఎందుకో చెప్పింది.

లక్ష్మీనరసమ్మ కొండవైపు చూసింది.

"మీ అయ్యకి మతి పోనాదేటే? కొండ మీద తుపాకులు ఉన్నాయి."

గురమ్మ దడి దగ్గరనుంచి కదలలేదు.

మర్నాడు ఆవిడ వరిగడ్డిలో చుట్టి గుడ్డు తెచ్చింది. కంపసందులోంచి ఇస్తూ గురమ్మ వేళ్లు గట్టిగా పట్టుకుంది.

"మీ తల్లికి సెప్పు. మా గుంటల్ని, మా పిల్లల్ని కూడా సల్లగా సూడమను."

ఆవిడ చేతిలో పేడ వాసన. వెచ్చగా ఉంది ఆ చెయ్యి. వదలడానికి గురమ్మకు మనసొప్పలేదు.

* * *

తెల్లవారుజామున మంచు.

చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. కట్టెలకు పోయే ఆడవాళ్ల వెనక ఇద్దరూ దడి దాటారు. గెడ్డ దగ్గర దాలయ్య ఆగాడు.

"ఎలిపో. తమ్ముడు ఒక్కడే ఉన్నాడు."

"జగ్గమ్మ మామ్మ కాడ ఉన్నాడు. కందులు ఎవుల ఒళ్లో ఏస్తావు?"

ఆయన ముందుకు తిరిగాడు. గెడ్డలో దిగాడు. ఆమె దిగింది. నీళ్లు మోకాళ్లను కొరికాయి.

కొండ ఎక్కుతుంటే కాళ్లకు దారి గుర్తొచ్చింది. రాయి గుర్తొచ్చింది, మలుపు గుర్తొచ్చింది, జీలుగు చెట్టు గుర్తొచ్చింది. ఊరు రాగానే గుర్తు తప్పింది. ఊరు ఉన్నచోట నల్లటి గుండ్రాలు ఉన్నాయి. మంచు వాటిమీద కూర్చుంది. పగిలిన కుండల్లో చోళ్లు మాడి, తడిసి, మొలకెత్తాయి. ఎవరూ లేని ఊళ్లో, ఎవరూ చల్లకుండా, పచ్చగా మొలకలు.

దాలయ్య ఆగలేదు.

చేను చేరేసరికి ఎండ పొడిచింది. మంచు లేచిపోయింది.

కందిచేను అలాగే ఉంది. కోసేవాడు లేక, తలలు వాల్చి, బరువుగా. గాలి వచ్చింది. గలగల... గలగల... గురమ్మకు ఏడుపొచ్చింది. తండ్రి ముఖం చూసింది. ఇల్లు తగలబడ్డాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఆయన రెండు చేతులా కాయలు తెంపి ఆమె ఒళ్లో పోశాడు. పోశాడు, పోశాడు. చీర కొంగు బరువెక్కింది. అందులోంచి ఒక గుప్పెడు తీసుకున్నాడు. గుడ్డు తీసుకున్నాడు.

"ఇక్కడే ఉండు. గాలి ఆగినప్పుడు దణ్ణం ఎట్టు."

గట్టు దాటి పైకి వెళ్లాడు. పలచటి గడ్డి తప్ప ఏమీ లేని నేల, ఆ చివర జాకరమ్మ రాయి. మనిషి మోకాలెత్తు రాయి. పసుపు ఎప్పుడో కడుక్కుపోయింది. ఆయన నడుస్తూ గొంతు సవరించుకోవడం ఆమెకు వినిపించింది.

ముందు నీ నోట పడాల తల్లీ —

అక్కడ తెగింది పాట.

చప్పుడు తరవాత వచ్చినట్టు అనిపించింది. ముందు ఆయన ఒరిగాడు. తరవాత కొండ పగిలినట్టు చప్పుడు. చెయ్యి ముందుకు చాచి పడ్డాడు. రాయివైపు చాచిన చెయ్యి. ఆ చేతికీ రాయికీ మధ్య బారెడు నేల ఉంది.

బారెడే.

గురమ్మ కందిమొక్కల మధ్య పడిపోయింది. నోట్లో మట్టి. పై నుంచి మాటలు వినిపించాయి, బూట్లు వినిపించాయి. ఒకడు ఏదో అన్నాడు. ఇంకొకడు దగ్గాడు. మామూలు మనుషుల దగ్గు.

ఆమె కళ్లు మూసుకుంది. గాలి ఆగుతుందని ఎదురుచూసింది.

ఆపు తల్లీ. ఒక్కసారి ఆపు. ఆయన నీ దగ్గరకే వచ్చాడు. నీ కోసమే వచ్చాడు. బారెడు దూరంలో ఉన్నాడు. నువ్వు లేచి రానక్కర్లేదు. గాలి ఆపితే చాలు.

గలగల... గలగల...

కాయలు ఆమె చెవి పక్కనే మోగుతున్నాయి. చేనంతా మోగుతోంది. కొండంతా మోగుతోంది.

ఆగలేదు.

* * *

పోలీసులు ఆయన్ను వెదురు బొంగుకు కట్టి అవతలి వాలున దించుకుపోయారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆమె కదలలేదు. తరవాత లేచింది. గట్టు దాటింది. ఆడమనిషి దాటకూడని గట్టు. దాటితే ఏమవుతుందో చిన్నప్పుడు చెప్పారు. ఏమీ కాలేదు.

నేల తడిగా ఉంది. ఆయన గుప్పిట్లోంచి జారిన కాయలు అందులో పడి ఉన్నాయి.

గుడ్డు పగలలేదు.

గడ్డిలో పడి ఉంది. తెల్లగా, నెత్తురు మచ్చ కూడా లేకుండా. చేతిలోకి తీసుకుంది. ఎండకు కాగి, వెచ్చగా, అప్పుడే పెట్టినట్టుంది. రాయి ఎదురుగా ఉంది. బారెడు దూరం. పాటంతా ఆమెకు వచ్చు. చెయ్యి చాపితే కొత్త అయిపోతుంది. తండ్రి వచ్చిన పని అయిపోతుంది.

ఆమె రాయివంక చూసింది.

రాయి రాయిలా ఉంది.

ఎన్నడూ అలా చూడలేదు దాన్ని. ఎప్పుడూ దూరం నుంచి, తల వంచి, కళ్లు సగం మూసి చూసింది. ఇప్పుడు దగ్గరగా ఉంది. ఒక మూల పెచ్చు ఊడింది. మీద చీమలు పోతున్నాయి. చీమలు ఆ రాయి మీంచి, ఆ తడి నేల మీదికి, వరసగా.

గురమ్మ గుడ్డును ఒళ్లో వేసుకుంది. కాయల మధ్య దోపింది.

"ముందు నీకు గాదు," అంది. "ముందు మా తమ్ముడికి."

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. అని, వెనక్కి తిరిగి, కొండ దిగింది.

* * *

సాయంత్రం కట్టెలు మోసుకొచ్చే ఆడవాళ్లలో కలిసి దడిలోకి వచ్చింది. పేర్లు పిలిచారు. గురమ్మ పలికింది. దాలయ్య పలకలేదు. పిలిచినవాడు రెండోసారి పిలవలేదు. వాళ్లకు అప్పటికే తెలుసు.

పాకలో అందరూ ఉన్నారు. జగ్గమ్మ ఒళ్లో ఎర్రన్న. తాయారు ఒక మూల. ముసలివాళ్లు, పిల్లలు, తల్లులు. ఆమె ఒడివంక చూస్తున్నారు. కొంగులోంచి కందికాయల కొసలు బయటికి కనిపిస్తున్నాయి.

జగ్గమ్మ లేచి దగ్గరకొచ్చింది.

"కొత్త అయినాదా?"

తండ్రి ఏడని అడగలేదు. ఆకలి ఆ మాటను ముందు అడగనివ్వలేదు. గురమ్మకు అది తప్పని తోచలేదు. అప్పుడూ తోచలేదు, తరవాతా తోచలేదు.

కాలేదని చెప్పొచ్చు. చెబితే బస్తాలు అలాగే ఉంటాయి. ఎర్రన్న కాళ్లు చల్లబడతాయి. రుద్దినా వెచ్చబడని రోజు వస్తుంది. ఇంకెవడో తండ్రి గెడ్డ దాటతాడు.

అందరూ చూస్తున్నారు. నిన్నటిదాకా దాలయ్యను చూసినట్టే ఆమెను చూస్తున్నారు.

"అయినాది," అంది గురమ్మ. "తల్లికి ముట్టినాది."

ఒక ముసలాయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఎవరో ఏడ్చారు.

"మీ అయ్య?"

"రాడు."

జగ్గమ్మ ఆమె తల దగ్గరకు తీసుకుంది. ఎండిన రొమ్ములకు హత్తుకుంది. "తల్లి తీసుకున్నాదే," అంది చెవిలో. "కొత్త ఎట్టినోడిని తనకాడే ఉంచుకున్నాది. అంత పున్నెం ఎవులికొస్తాదే."

గురమ్మకు చెప్పడానికి మాట ఉంది. చెప్పడానికి మనిషి లేదు.

తలా ఒక కాయ ఇచ్చింది. అందరూ కళ్లకద్దుకున్నారు. ఒలిచారు. పచ్చి గింజ నోట్లో వేసుకున్నారు. తరవాత బస్తాలు విప్పారు, పొయ్యిలు వెలిగాయి. ఉడికే కందుల వాసన పాకపాకకూ పాకింది. పిల్లలు మెల్లగా తలలెత్తారు. ఒకడు ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుపు వినబడగానే అక్కడి తల్లులందరూ నవ్వారు.

తాయారు తినలేదు. పిడికిట్లో కాయ పట్టుకుని కూర్చుంది. గురమ్మ ఆమె పక్కన కూర్చుని కాయ ఒలిచి, గింజను ఆమె పెదవుల మధ్య పెట్టింది.

"నీ బిడ్డ దీనికి సావనేదు," అంది. "రోగంతో పోనాడు. నాకు తెలుసు."

తాయారు నమలకుండా ఆమె ముఖంలోకి చూసింది. ఎలా తెలుసని అడుగుతుందేమోనని గురమ్మ చూసింది. అడిగితే చెప్పేసేదే. అంతా.

తాయారు అడగలేదు. గింజ నమిలింది.

ఆ పొయ్యి మీదే, ఎవరి కంటా పడకుండా, గుడ్డు ఉడికింది. ఎర్రన్న తిన్నాడు. చిన్న చిన్న ముక్కలుగా, అక్క వేళ్లమధ్య నుంచి.

* * *

ఆమె ఎదురుచూసింది.

తల్లికి పెట్టాల్సింది తమ్ముడికి పెట్టింది. ముట్టనిదాన్ని ముట్టిందని అందరికీ తినిపించింది. ఏదో రావాలి. అమ్మవారు పోయాలి. పాము రావాలి. పాకమీద పిడుగు పడాలి. ప్రతి పొద్దునా లేచి ముందు తమ్ముడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఊపిరి వెచ్చగా తగిలేది.

ఎర్రన్న లేచి కూర్చున్నాడు. తరవాత నిలబడ్డాడు. తరవాత దడి పక్కన తూనీగను తరుముతూ పడి, మోచెయ్యి గీరుకుని, కోపంగా ఏడ్చాడు.

ఏమీ రాలేదు.

కోపం వచ్చినా బాగుండేది. కోపం వస్తే ఎవరో ఉన్నట్టు. కొండ మీద ఎవరో ఉండి, చూసి, గుర్తుపెట్టుకుని, శిక్షించినట్టు. గురమ్మ శిక్ష కోసం ఎదురుచూసినంతగా చిన్నప్పుడు పండగ కోసం కూడా ఎదురుచూడలేదు.

ఏమీ రాలేదు. మంచు వచ్చింది, పోయింది. ఎండ వచ్చింది, పోయింది. ముసలివాళ్లలో కొందరు చలికి పోయారు. కొత్త అయ్యాక పోయారు. పూర్వం పోయినట్టే పోయారు.

గాలి అప్పుడప్పుడు ఆగేది. ఆమె తల వంచడం మానేసింది. గాలి కాబట్టి ఆగింది. గాలి కాబట్టి వస్తుంది.

మిగతావాళ్లకు దాలయ్య పెద్దవాడయ్యాడు. పాటంతా పాడాడట. రాయి చల్లగా చెమర్చిందట. తల్లి స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకుపోయిందట. చెప్పుకునేకొద్దీ పెరిగింది. ఎర్రన్న ఈ కథ మిగతా పిల్లలకు చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఆగి, అక్కవంక చూసేవాడు.

"అంతే గదా అప్పా?"

"అంతే."

రాత్రి వాడు ఆమె డొక్కలో ముడుచుకుని నిద్రపోయేవాడు. వాడి కాళ్లు వెచ్చగా ఉండేవి. పాక నిండా మనుషులు. మనిషికి మనిషి తగులుతూ పడుకునేవారు. ఆ వెచ్చదనం మధ్యలో గురమ్మ ఒక్కతే మేలుకుని ఉండేది. అమ్మ పోయినప్పుడు అయ్య ఉన్నాడు. ఇల్లు పోయినప్పుడు తల్లి ఉంది. ఇప్పుడు పైన ఆకాశం ఉంది... దాని కింద తాటాకు... దాని కింద ఆమె.

* * *

ఎండలు ముదిరే ముందు వదిలారు. ఎందుకు పట్టుకొచ్చారో చెప్పనట్టే ఎందుకు వదిలారో చెప్పలేదు.

వెళ్లే రోజున లక్ష్మీనరసమ్మ దడి దగ్గరకు వచ్చింది. ఇప్పుడు కంప లేదు. ఎదురెదురుగా నిలబడ్డారు. ఆవిడ ఒక గంపలో పెట్టను పెట్టి ఇచ్చింది.

"మా గుంటలు సల్లగా ఉన్నారే," అంది. "మీ అయ్య ఎట్టిన గుడ్డు."

గురమ్మ గంప తీసుకుంది.

ఇప్పలగూడలో మళ్లీ వెదుళ్లు పాతారు, గడ్డి కప్పారు. పోడు కొట్టారు. కొండమామిడి కాసింది. పిందెలు కాయలయ్యాయి. కాయలు పులుపెక్కాయి. పిల్లలు చెట్లకింద తిరుగుతున్నారు. రాలిన కాయను ఏరుకుని, వాసన చూసి, మళ్లీ కింద పెడుతున్నారు.

మామిడి కొత్త కాలేదు.

జగ్గమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"జన్ని కొడుకే జన్ని. ఎర్రన్న సిన్నోడే గానీ, ఏటి సేస్తాం. పాట నీకొచ్చు. ఆడికి నేర్పు."

గురమ్మ చేట అల్లుతోంది. చేతులు ఆగలేదు.

"నాను నేర్పలేను మామ్మా."

"నువ్వు నేర్పకపోతే మీ అయ్యతో పోతాది పాట."

ఆ మాటకు చేతులు ఆగాయి.

ఆ సాయంత్రం నుంచి నేర్పింది. అరుగుమీద, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని. ఒక్కొక్క మాటా. ఎక్కడ గొంతు లేపాలో, ఎక్కడ దించాలో. నేర్పుతుంటే తండ్రి గొంతు ఆమె గొంతులోకి వచ్చేది. పాట తెగినచోటు రాగానే ప్రతిసారీ ఆమె ఊపిరి పట్టుకునేది. ఎర్రన్న పట్టుకునేవాడు కాదు. వాడికి అక్కడ తెగినట్టు తెలియదు. సాఫీగా దాటిపోయేవాడు.

పండగ నాడు ఊరంతా కొండెక్కింది.

గురమ్మ గట్టు దగ్గర ఆగింది. ఎర్రన్న కొత్త గోచీతో, చేతిలో తొలి మామిడికాయతో ముందుకు నడిచాడు. వర్షాలింకా పడలేదు. అయినా తండ్రి పడ్డ చోట గడ్డి దట్టంగా లేచింది. ఎర్రన్న పాదాలు ఆ గడ్డిలో పడ్డాయి. గురమ్మ అరవబోయి నోరు మూసుకుంది. వాడు ఆ బారెడు నేల దాటాడు. కాయను రాయి ముందు పెట్టాడు. వెనక్కి తిరిగి అక్కవంక చూశాడు.

ఆమె పెదవులు కదిపింది. వాడు అందుకున్నాడు.

ముందు నీ నోట పడాల తల్లీ...

పలచటి గొంతు. కొండగాలిలో నిలబడింది ఆ గొంతు. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఆగిన క్షణంలో, లోయ దాటి, అవతలి కొండను తాకి, ఆ మాట తిరిగి వచ్చింది.

...తల్లీ...

అందరూ చేతులు జోడించారు. జగ్గమ్మ నేలమీద సాగిలపడింది. ఎర్రన్న కళ్లు పెద్దవయ్యాయి.

"అప్పా," అన్నాడు. "తల్లి పలికినాది."

ఆ గొంతు ఎవరిదో గురమ్మకు తెలుసు.

వాడు చూస్తున్నాడు. ఊరంతా చూస్తోంది. ఎండ మామిడాకుల మీద, గడ్డిమీద, రాయిమీద ఒకేలా పడుతోంది. ఆమె తమ్ముడి ముఖం చూసింది. అచ్చం తండ్రి ముఖం. చేను చూసి నవ్విన నాటి ముఖం.

నోరు తెరిచింది.

తరవాతి మాట అందించింది.

ఎనకాల మా నోట పడాల...

వాడు పాడాడు. పాట లోయ మీదుగా వెళ్లింది. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఆమె కూడా విన్నది —

అవతలి కొండవైపు చెవి పెట్టి... నమ్మకుండా... వినకుండా ఉండలేక...